అతుకు కనిపించని గోడ

మా తాతని ఎక్కడికి తీసుకెళ్ళినా పరువు పోతుంది. పెళ్ళికి తీసుకెళ్తే పెళ్ళికూతుర్ని చూడడు, మండపం వెనకాల గోడని చూస్తాడు. పోయినేడు ఛాతీలో నొప్పి అంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు చెవులకి గొట్టం పెట్టుకుని "గట్టిగా ఊపిరి పీల్చండి" అంటే, ఈయన ఊపిరి బిగబట్టి డాక్టరు భుజం మీదుగా ఎటో చూస్తున్నాడు.

"ఏమైంది పెద్దాయనా?" అన్నాడు డాక్టరు కంగారుగా.

"మీ గోడ రెండు వేళ్ళు ఇటు వాలింది బాబూ. ఎవడు కట్టాడు?"

డాక్టరు మంచివాడు కాబట్టి నవ్వాడు. మందులు రాశాడు, మెట్లు ఎక్కొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు. మేం బయటికొస్తూ వెనక్కి చూస్తే, పాపం ఆయన కుర్చీ తిప్పుకుని ఒక కన్ను మూసి ఆ గోడనే చూస్తున్నాడు.

తాత తాపీ మేస్త్రీ. పదేళ్ళప్పుడు ఇటుకలు అందించడంతో మొదలుపెట్టి, డెబ్భై రెండేళ్ళకి పరంజా మీంచి మావయ్య బలవంతాన దింపేదాకా గోడలు కట్టాడు. ఇప్పుడు డెబ్భై ఎనిమిది. గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీలు దారానికి ఇత్తడి గుండు కట్టి వేలాడదీస్తారు. తాతకీ ఒకటుంది, మంచం పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. కాని ఆయన దాన్ని వాడగా చూసినవాళ్ళు లేరు. ఎడమ కన్ను మూస్తాడు, కుడి కన్నుతో గోడని కింద నుంచి పైదాకా ఒక్కసారి నాకినట్టు చూస్తాడు, "వేలెడు తేడా" అంటాడు. తర్వాత గుండు వేలాడదీసి చూస్తే వేలెడే ఉంటుంది. అందరూ ఆయన్ని ఒంటికన్ను మేస్త్రీ అనేది అందుకే. నిజానికి రెండు కళ్ళూ ఉన్నాయి, ఇప్పుడు రెంటిలోనూ శుక్లాలున్నాయి.

మా ఊళ్ళో సగం గోడలు ఆయనవే. బడి గోడ, బస్టాండు గోడ, జైలు గోడ కూడా. ("ఒక్కడంటే ఒక్కడు దూకలేదు" అని దానికో మీసం మెలేయడం.) మా వంటింటి గోడకి మాత్రం ఈ రోజుకీ ప్లాస్టరింగ్ లేదు. ఇటుకలు పళ్ళికిలించుకుని పొయ్యి వైపు చూస్తుంటాయి. దీని మీద మా అమ్మమ్మ నలభయ్యేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

"ఊరందరి గోడలకీ పౌడరు రాశాడు, నా గోడకి మొహం కడగలేదు" అంటుంది.

"వచ్చే నెల చేస్తానే" అంటాడు తాత. ఆ నెల ఏ సంవత్సరానిదో ఇంతవరకూ చెప్పలేదు.

అయితే తాత గర్వపడే గోడ వీటిలో ఏదీ కాదు. అది కొండ మీద ఉంది.

మా ఊరి పక్క కొండ మీద ఏడొందలేళ్ళ నాటి కోట ఒకటుంది. కోట అంటే పెద్దగా ఊహించుకోకండి. కప్పులేని బురుజులు మూడు, తలుపులేని పెద్ద గుమ్మం ఒకటి, గడ్డి మొలిచిన హాలు ఒకటి, మధ్యలో పిల్లలు తొంగిచూసి అరిచే బావి. ఉత్తరం వైపు మాత్రం ఒక ఎత్తైన గోడ మిగిలింది. దాని మధ్యలో విరిగిన కిటికీ. అందులోంచి చూస్తే ఊరంతా కనిపిస్తుంది, మా డాబా మీద ఆరేసిన అమ్మమ్మ చీరతో సహా.

నలభై ఒక్క ఏళ్ళ కిందట పెద్ద వాన కురిసి ఆ గోడ కుడి సగం కూలిపోయింది. కిటికీకి ఎడమ పక్కది మిగిలింది. కూలిన సగాన్ని పాత రాళ్ళతోనే, పాత పద్ధతిలో, సిమెంటు కలపకుండా సున్నంతో కట్టాలని పైనుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఎండలోనూ నీడలోనూ టోపీ తీయడు కాబట్టి ఆయన్ని టోపీ ఆయన అనేవాళ్ళు. తాత ఆ గోడకి పెద్ద మేస్త్రీ. అమ్మమ్మ అదే పనిలో రాళ్ళు మోసేది, సున్నం కలిపేది. ఏడు నెలలు పట్టింది.

టోపీ ఆయన ఒక షరతు పెట్టాడు. పాత గోడా కొత్త గోడా కలిసే చోట కింద నుంచి పైదాకా వేలెడు వెడల్పున గీతలా లోతు వదలాలి. ఆ లోతులో ఎర్ర పెంకు ముక్కలు నిలువుగా పేర్చాలి. దాన్ని గుర్తుగీత అంటారు.

"రేపొచ్చేవాళ్ళకి ఏది వాళ్ళదో, ఏది మనదో తెలియాలయ్యా మేస్త్రీ" అన్నాడట.

తాత తల ఊపాడు. గీత వదిలాడు, పెంకులు పేర్చాడు. టోపీ ఆయన టేపు పెట్టి కొలిచి, సంతకం చేసి, బండెక్కి వెళ్ళిపోయాడు. బండి దుమ్ము ఇంకా కిందికి దిగకముందే తాత మళ్ళీ పరంజా ఎక్కాడు. మిగిలిపోయిన సున్నంతో ఆ గీతని కింద నుంచి పైదాకా పూడ్చేశాడు. రాతి చిప్పలు అతికించాడు, బూడిదా మట్టీ కలిపి రుద్ది పాత రంగు తెప్పించాడు. ఏ రాయి దగ్గర రాజులు ఆగిపోయారో, ఏ రాయి దగ్గర మా తాత మొదలయ్యాడో ఆ బ్రహ్మదేవుడు కూడా చెప్పలేనట్టు చేశాడు.

"ఎందుకు తాతా అట్లా చేశావు?" అని చిన్నప్పుడు అడిగాను.

"అతుకు కనిపిస్తే అది మేస్త్రీ పనా, దర్జీ పనా?" అన్నాడు.

అప్పటి నుంచి మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఒక పరీక్ష. కొండెక్కించి, కిటికీ ముందు నిలబెట్టి, "ఏది పాతది?" అని అడుగుతాడు. మా నాన్న అమ్మని చూసుకోవడానికి వచ్చినప్పుడు కూడా ముందు కొండెక్కించాడు. నాన్న చొక్కా తడిసిపోయి, కుడి పక్క చెయ్యి చూపించి, "ఇదండీ, ఎంత తీరుగా ఉందో చూడండి, ఆ రోజులే వేరు" అన్నాడట. తాత అక్కడికక్కడే సంబంధం ఖాయం చేసేశాడు. అమ్మని తర్వాత అడిగారు. అదృష్టం కొద్దీ ఒప్పుకుంది కాబట్టి నేనున్నాను.

ఇక అసలు సంగతి.

నేను స్కూటరు మీద పార్సిళ్ళు ఇస్తాను. పదో తరగతి రెండుసార్లు తప్పాక, మూడోసారి ఆ పరీక్షకి నేను కనిపించలేదు. ఒక శనివారం కోట టికెట్ల గది దగ్గరికి ఒక పెట్టె ఇవ్వాల్సి వచ్చింది. పెట్టె ఇచ్చి, ఊరికే లోపలికి తొంగిచూశాను. ఉత్తరపు గోడ ముందు ఇనుప పరంజా లేచింది. కిటికీకి ఎడమ పక్క రాళ్ళ నిండా ఎర్ర రంగుతో ఇంటూ గుర్తులు. పక్కన ఒక బోర్డు:

"ఎడమ భాగం: నలభయ్యేళ్ళ కిందటి నాసిరకం మరమ్మతు. ఉబ్బి, ప్రమాదకరంగా ఉన్నందున సోమవారం నుంచి తొలగించబడును. కుడి భాగం: అసలు కట్టడం. ముట్టరాదు."

రెండుసార్లు చదివాను. పరీక్షలో ప్రశ్న కూడా రెండుసార్లు చదవలేదు నేను. ఎడమది కదా పాతది! కుడిది కదా తాతది! ఫోటో తీసుకుని ఇంటికొచ్చిపడ్డాను.

తాత ఫోన్ని ముక్కుకి ఆనించుకుని చూశాడు. నేను బోర్డు చదివి వినిపించాను. మొదట పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, అమ్మమ్మ వీపు మీద నాలుగు చరిచింది.

"విన్నావుటే? నన్ను రాజుల్లో కలిపేశారు! ముట్టరాదుట!"

"సంతోషించావు కదా, మాత్రేసుకో" అంది అమ్మమ్మ.

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఫోన్ మళ్ళీ తీసుకున్నాడు. "ఏమని రాశారూ? ఆ ఎడమ పక్కని?"

"నాసిరకం అని."

తాత మొహం నేను అట్లా ఎప్పుడూ చూడలేదు. జైలు గోడకి ఎవరో పోస్టరు అంటించినప్పుడు కూడా అంత కోపం రాలేదు.

"ఏడొందలేళ్ళు నిలబడ్డాడే వాడు! పొట్టొస్తే నాసిరకమా? నాకు డెబ్భైకే వచ్చింది, నన్నూ తొలగిస్తారా? పొట్టొచ్చిన గోడకి ఊతం పెట్టాలి గాని పలుగు పెడతారా!"

"వాడంటే ఎవడు తాతా?"

"ఏమో. పేరు తెలీదు. మేస్త్రీ."

మాత్ర నీళ్ళతో మింగాడు. తర్వాత చిన్న గొంతుతో అన్నాడు: "గీత ఉంచి ఉంటే వీళ్ళకి తెలిసేదే."

అదీ విషయం. సోమవారం పొద్దున పలుగులు పడితే ఏడొందలేళ్ళ గోడ రాళ్ళ గుట్టవుతుంది. పడగొట్టేది వాళ్ళే అయినా, దారి చూపించింది మా తాత గొప్ప.

బోర్డు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఎవరో ఎత్తి, ఏదైనా ఉంటే రాతపూర్వకంగా సోమవారం ఇమ్మన్నారు. సోమవారం ఇస్తే రాళ్ళకివ్వాలి అన్నాను. పెట్టేశారు. టికెట్లాయనకి ఫోన్ చేస్తే, ఆదివారం పొద్దున ఇంజినీరమ్మ పరంజా చూసుకోవడానికి పైకొస్తుందని చెప్పాడు.

"రేపు వెళ్తున్నా" అన్నాడు తాత.

"ఎక్కడికీ వెళ్ళట్లేదు" అంది అమ్మమ్మ. "నాలుగొందల పన్నెండు మెట్లు. డాక్టరు పన్నెండు కూడా వద్దన్నాడు. నోరు మూసుకుని కూర్చుంటే నీ గోడ రాజుగారి గోడై ఇంకో వెయ్యేళ్ళుంటుంది. నీకేం నష్టం?"

"వాడి గోడ పోతుందే."

"వాడు పోయి ఏడొందలేళ్ళయింది! వాడి కోసం నువ్విప్పుడు పోతావా?"

"వాడికి చెప్పుకోవడానికి ఎవరున్నారే? నేనే ఉన్నాను."

అమ్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ పోట్లాట మధ్యలో వదిలేస్తే అసలు ప్రమాదం అది. పొద్దున్నే లేచి చూస్తే తాత చెప్పులు బీరువాలో, బీరువా తాళం అమ్మమ్మ నడుముకి. ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు తాత నా గులాబీ రంగు స్లిప్పర్లు వేసుకున్నాడు. మడమలు బయటే ఉన్నాయి. ఉలీ సుత్తీ తువ్వాలులో చుట్టి నా పార్సిళ్ళ సంచిలో పెట్టాడు. వాటి మీద నేను రొట్టె, ఉడికించిన గుడ్లు పెట్టాను.

మా తాత ఆయాసపడడు. పరిశీలిస్తాడు. కొండ కింద స్కూటరు ఆపాక అది తెలిసింది. ఇరవై మెట్లకోసారి ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఈ మెట్టు చూశావా, ఒక పక్కకి దిగింది" అనేవాడు. ఊపిరి సర్దుకోగానే ఇంకో ఇరవై. నూట ఎనభయ్యో మెట్టు మీద పూర్తిగా కూర్చుని పరిశీలించాడు. పెదవులు కొంచెం నల్లబడ్డాయి.

"తిరిగిపోదామా తాతా?" అన్నాను. ఈసారి వేళాకోళం కాదు.

"కిందికి దిగినా నూట ఎనభయ్యే కదే" అని లేచాడు. నాకు లెక్కలు రావని ఆయనకి బాగా తెలుసు.

మేం గుమ్మం దాటేసరికి పది దాటింది. కిటికీ ముందు ఒక గైడు పది పన్నెండు మందిని నిలబెట్టుకుని చెప్తున్నాడు. మెడలో ఎర్ర రుమాలు, చేతిలో చిన్న కర్ర.

"ఎడమ పక్క చూడండి, ఈ కాలం వాళ్ళ మరమ్మతు. నలభయ్యేళ్ళకే పొట్టొచ్చింది. ఇప్పుడు కుడి పక్క చూడండి. ఏడొందలేళ్ళు! సూది దూరదు! ఇలాంటి పని చేసే చెయ్యి ఇవాళ భూమ్మీద లేదు."

"ఉంది" అన్నాడు తాత వెనకాల నుంచి. "ఇదిగో."

అందరూ వెనక్కి తిరిగారు. గులాబీ స్లిప్పర్లలో ఒక ముసలాయన, కుడి చెయ్యి పైకెత్తి, బళ్ళో హాజరు చెప్పినట్టు నిలబడి ఉన్నాడు. ఎవరో నవ్వారు. నేను కూడా నవ్వేదాన్నే, మా తాత కాకపోతే.

గైడు మూతి మూడు వంకరలు తిప్పాడు. ఈలోపు పరంజా వెనకాల నుంచి ఇంజినీరమ్మ వచ్చింది. ముప్పయ్యేళ్ళుంటాయి. హెల్మెట్టు, జడలో పెన్సిలు, మోచేతి దాకా సున్నం. తాత చెప్పిందంతా అడ్డుపడకుండా విన్నది. మర్యాదస్తురాలు.

"తాతగారూ, ఈ కోట మేమే కట్టామంటూ వచ్చినవాళ్ళలో మీరు నాలుగోవారు."

"నేను కోట కట్టలేదమ్మా. ఈ సగమే కట్టాను."

"అప్పటి ఫైలు తడిసిపోయింది. కిటికీ పక్క మరమ్మతు అని ఉంది, ఏ పక్కో చెరిగిపోయింది. గుర్తుగీత ఉండాలి. రెండు వైపులా వెతికాం, లేదు. ఇక పనితనం చూసి నిర్ణయించాం."

"పనితనం చూసే మోసపోయారు. గీత ఉంది. నేనే పూడ్చాను."

"ఎందుకు?"

తాత దర్జీ మాట చెప్పాడు. ఆవిడ నవ్వలేదు.

"సరే. ఎక్కడుందో చూపించండి."

తాత గోడ దగ్గరికి వెళ్ళాడు. అరచెయ్యి ఆనించాడు. ఎడమ కన్ను మూశాడు. తర్వాత కుడి కన్ను మూశాడు. కిటికీ కింద ఒక చోట ఆగాడు, ఇంకో జానెడు ఇటు జరిగాడు, మళ్ళీ అటు వెళ్ళాడు. నేను సంచి పట్టుకుని పక్కనే ఉన్నాను. "ఇక్కడే" అన్నాడు. చెయ్యి సంచిలోకి వెళ్ళింది, గుడ్లు కిందపడ్డాయి, ఇంజినీరమ్మ నోరు తెరిచేలోపు ఠంగుమని ఉలి దెబ్బ పడింది.

సున్నం పొడి రాలింది. వెనకాల రాయి. రాయి తప్ప ఏమీ లేదు.

"ఆపండి!" అని అరిచింది ఆవిడ. "రక్షిత కట్టడం మీద ఉలి వేస్తే కేసవుతుంది, తెలుసా?" గైడు వచ్చి తాత మణికట్టు పట్టుకున్నాడు.

"నేను కట్టినదాన్ని నేను విప్పుకుంటే కేసేమిటి?" అన్నాడు తాత. గొంతు పెద్దదే, కాని చూపు గోడ మీదే ఉంది. మెల్లగా చెయ్యి దించి, అక్కడున్న రాయి మీద కూర్చున్నాడు.

"నాకే దొరకట్లేదే" అన్నాడు నాతో. ఆ మాటలో సగం భయం, నిజం చెప్పాలంటే సగం పొగరు. నలభై ఒక్క ఏళ్ళుగా అందరినీ ఓడించిన పరీక్షలో ఆఖరికి తనే తప్పాడు. పరీక్షలు తప్పడం నాకు అలవాటే గాని, ఆయనకిది మొదటిసారి.

గైడు తన జనాన్ని బావి వైపు తోలుకుపోబోయాడు. ఇంజినీరమ్మ ఫోన్ తీసింది. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమయ్యా! ఆడపిల్ల చెప్పులేసుకుని కొండెక్కావా! సిగ్గులేదూ!"

అమ్మమ్మ. ఒక చేతిలో తాత చెప్పులు, ఇంకో చెయ్యి మోకాలి మీద. నాలుగొందల పన్నెండు మెట్లూ తిట్టుకుంటూ ఎక్కినట్టుంది, మొహం కందగడ్డలా ఉంది. వచ్చి చెప్పులు ఆయన ముందు పడేసింది. తాత బుద్ధిగా తొడుక్కున్నాడు. నేను నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పాను.

"గీత దొరకలేదా? ఈయనకా?" అంది. ఒక్క క్షణం సంతోషం పట్టలేకపోయింది. ఆ సంతోషం అయ్యాక, గోడ దగ్గరికి వెళ్ళింది. తడమలేదు, కన్ను మూయలేదు. నడుం వంచి అట్టడుగు వరస వైపు చూసింది.

"ఇదిగో" అంది.

మూల విరిగిన నల్లరాయి. చుట్టూ అలాంటివే వంద ఉన్నాయి. ఆ వందలో ఆవిడకి అదొక్కటే కనిపించింది.

"అదే అని ఎలా చెప్తారండీ?" అంది ఇంజినీరమ్మ.

అమ్మమ్మ చెప్పు విప్పి, కుడి కాలు ముందుకి పెట్టింది. బొటనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంటుంది ఆవిడకి. పుట్టుకతో అంతే అనుకున్నాను నేను ఇన్నాళ్ళూ.

"దీని మీద పడింది తల్లీ ఆ రాయి. దాని మూల విరిగింది, నా వేలు విరిగింది. ఈయన పరిగెత్తుకుంటూ వచ్చి ముందు రాయిని చూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండి, ఆ రాయిని ఎక్కడ పెడతాడో చివరిదాకా కూర్చుని చూశాను. మొట్టమొదటి రాయి అదే పెట్టాడు, పాత గోడకి ఆనించి. చచ్చినా మరిచిపోను."

తాత నేల చూపులు చూస్తున్నాడు. "ముందు నిన్నే చూశానే" అన్నాడు నసుగుతూ.

"రాయినే చూశావు."

ఇంజినీరమ్మ ఆ వేలి వంక చూసింది, ఆ రాయి మూల వంక చూసింది. ఫోన్ జేబులో పెట్టుకుంది.

"ఒక్క దెబ్బ. నేను చూస్తుండగా. నేను చెప్పిన చోట."

"నువ్వు చెప్పిన చోట కాదమ్మాయ్" అన్నాడు తాత, సుత్తి అందుకుంటూ. "ఇది చెప్పిన చోట."

నల్లరాయికి ఎడమ పక్కన ఉలి ఆనించాడు. ఈసారి కళ్ళు మూయలేదు, అమ్మమ్మ వైపు చూశాడు. ఆవిడ గడ్డం ఆడించింది. దెబ్బ పడింది. అరచేతంత సున్నపు పలక ఊడి కిందపడింది.

లోపల ఎర్రగా పెంకు ముక్క. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. నిలువుగా, ఒకదాని మీద ఒకటి, నిన్న పేర్చినట్టు.

గైడు నోరు తెరుచుకునే ఉంది. బావి దాకా వెళ్ళినవాళ్ళు కూడా వెనక్కొచ్చారు. ఇంజినీరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, జడలోంచి పెన్సిలు తీసి, దాని తోకతో సున్నం గోకుతూ పోయింది. పెంకుల వరస వస్తూనే ఉంది. చాలాసేపటికి లేచింది.

"నలభై ఒక్క ఏళ్ళు మా ఆఫీసు మొత్తాన్ని మోసం చేశారు తాతగారూ."

"నేను దాచాను. మీరు చూడలేదు. తప్పు చెరిసగం."

"రిపోర్టులో రాయాల్సి వస్తుంది. షరతు మీరి గీత పూడ్చారని, అనుమతి లేకుండా ఉలి వేశారని."

"రాయి. ఒంటికన్ను మేస్త్రీ అని రాయి, ఎవరైనా చెప్తారు ఇంటికి దారి. కాని ముందు ఆ బోర్డు దించు. నాసిరకం అన్నావే, ఆ మాట కొట్టెయ్యి. ఇప్పుడే, నేను చూస్తుండగా. రేపొచ్చి కొట్టేస్తానంటే నేనిక్కడే కూర్చుంటా, మీ పలుగులు నా మీదుగా వెళ్ళాలి."

"ఈయన కూర్చుంటాడు" అంది అమ్మమ్మ. "నాకు తెలుసు. నాకు మళ్ళీ మెట్లెక్కి రొట్టెలు మోసే ఓపిక లేదు, కొట్టెయ్యి తల్లీ."

ఇంజినీరమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళింది. పెన్సిలుతో ఆ మాట మీద అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత గీసింది. చాల్లేదని తాత అన్నాడు. మూడోది గీసింది. తర్వాత బోర్డునే ఊడబెరికి గోడకి తిరగేసి ఆనించింది.

తాత ఎడమ గోడ దగ్గరికి వెళ్ళాడు. ఉబ్బిన చోట, ఎర్ర ఇంటూ గుర్తు మీద, అరచేత్తో రెండుసార్లు తట్టాడు. ఏమన్నాడో వినపడలేదు. మేస్త్రీలు మేస్త్రీలు ఏదో అనుకుని ఉంటారు.

గీత మొత్తం తెరవాలని ఇంజినీరమ్మ అంది, అది రూలు. తన పనివాళ్ళు చేస్తారంది. తాత ఒప్పుకోలేదు. "నా గోడ మీద ఇంకొకడి ఉలా?" అన్నాడు. అరగంట వాదించాక, తాత చెయ్యి అందినంత మేర తాత, ఆ పైన వాళ్ళు అని తేలింది. మూడు ఆదివారాలు పట్టింది. మెట్లెక్కొద్దన్నాను కదా అని డాక్టరు ఫోన్లో అరిస్తే, "నేను మెట్లెక్కట్లేదు బాబూ, పనికెళ్తున్నాను. మీ గోడ సంగతి ఏం చేశారు?" అని అడిగాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

తను ప్రాణం పెట్టి దాచిన అతుకుని తనే కొంచెం కొంచెంగా తవ్వుతుంటే బాధపడతాడేమోనని పక్కనే కూర్చున్నాను. బాధ ఉందేమో, నాకైతే దొరకలేదు. దాచడం ఆయనకి బాగా వచ్చు. గీత మాత్రం దారం పట్టినట్టు వచ్చింది. పై భాగం పనివాళ్ళు తీశారు. అక్కడ వేలెడు తేడా ఉందిట.

ఇప్పుడు ఎడమ గోడ పొట్టకి లావుపాటి దుంగలు ఊతంగా ఉన్నాయి. ఇంటూ గుర్తులు కడిగేశారు. గైడు కొత్త పాఠం నేర్చుకున్నాడు, అందులో అమ్మమ్మ బొటనవేలు కూడా ఉంది. తాతకి ఆ పాఠం నచ్చలేదు. అందుకని ఓపికున్న ఆదివారం పైకెక్కి, సరిగ్గా ఆ ఎర్ర గీత మీద వీపు ఆనించి కూర్చుంటాడు. ఆయన వీపు వెనకాల గీత కనిపించదు. వచ్చినవాళ్ళని ఆపుతాడు.

"తల పైకెత్తకుండా చెప్పండి. ఏది పాతది?"

పోయిన ఆదివారం ఏడెనిమిదేళ్ళ పిల్ల ఒకతి తల పైకెత్తేసింది. గీత చూసేసింది. ఎడమ పక్క చూపించి, "ఇది పాతది. కనిపెట్టేశా" అంది. తాత గాలి తీసేసింది. అంతటితో ఊరుకోకుండా, "మరి రెండింట్లో ఏది బాగా కట్టారు?" అని అడిగింది.

నేను చెవులు రిక్కించాను. ఈ ప్రశ్న మాలో ఎవ్వరం అడగలేదు.

"ఆ పొట్టవాడిది" అన్నాడు తాత, ఎడమ వైపు బొటనవేలు చూపిస్తూ. "నాదింకా నలభై ఒకటే. ఏడొందలు నిండనీ, అప్పుడొచ్చి అడుగు. ఎవడు గెలుస్తాడో చూద్దాం."

పక్కన గుడ్డు పెంకు తీస్తున్న అమ్మమ్మ తలెత్తకుండానే అడిగింది:

"అప్పటికైనా నా వంటింటికి ప్లాస్టరింగ్ అవుతుందా?"